ఏ గ్రూపు ఇప్పిస్తున్నారు?

కిందటేడు కోటప్పకొండ తిరునాళ్ళు ఇంకా నాలుగు రోజులుందనగా, మా చిలకలూరిపేట బజారులో కూరలు బేరమాడుతున్నాను. మా అమ్మాయి సంచీ పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. దాని పదో తరగతి పరీక్షలకు ఇంకా మూడు వారాల పైనే ఉంది. అంతలో మా పాత వీధిలో ఉండే పిన్నిగారొకరు ఎదురుపడ్డారు. కుశలప్రశ్నలు అయ్యాయో లేదో, "అయితే ఏమ్మా, పిల్లకి ఏ గ్రూపు ఇప్పిస్తున్నారు?" అన్నారు.

"ఇంకా అనుకోలేదండీ" అన్నాను నేను.

"అయ్యో, ఇంకా అనుకోకపోవటమేమిటి! సీట్లన్నీ అయిపోతుంటే!" అని నా అజాగ్రత్తకు ఆవిడ బాధపడి, అరకిలో దొండకాయలు కొనుక్కుని వెళ్ళిపోయారు.

ఆవిడ మంచి మనిషి. నా మంచి కోరే అడిగారు. కాని ఇంటికొస్తుంటే ఆ మాట నా చెవిలో జోరీగలా తిరిగింది. గ్రూపు "ఇప్పించటం" ఏమిటి? రోగికి మందు ఇప్పిస్తాం. అవసరపడ్డవాడికి అప్పు ఇప్పిస్తాం. కోర్టులో సాక్ష్యం ఇప్పిస్తాం. పుచ్చుకునే మనిషికి నోరు లేనప్పుడో, పరపతి లేనప్పుడో వాడే మాట అది. చదవబోయే మనిషి సంచీ మోస్తూ నా పక్కనే ఉంది గదా! "ఏమ్మాయ్, ఏ గ్రూపు తీసుకుంటున్నావు?" అని దాన్నే అడిగితే ఏం పోయె?

ఆ రోజు నుంచి లెక్కపెట్టాను. గుళ్ళో, బ్లౌజులు కుట్టే అమ్మాయి దగ్గర, నరసరావుపేట బస్సులో, పేరంటాల్లో, రెండు నెలల్లో ముప్ఫై మంది పైన నన్నీ ప్రశ్న అడిగారు. అందరూ నన్నే అడిగారు. దాన్ని అడిగినవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు లేరు.

సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ అడగనివాళ్ళలో నేనూ ఉన్నాను.

మన గ్రూపుల సంగతి మీకు తెలియంది కాదు. మనుషుల్లో ఉన్న హెచ్చుతగ్గులు చాలనట్లు చదువుల్లో కూడా తెచ్చిపెట్టుకున్నాం. ఎం.పి.సి. అంటే "ఓహో" అంటారు. బై.పి.సి. అంటే "డాక్టరమ్మ అన్నమాట" అని బుగ్గ గిల్లుతారు. ఎం.ఇ.సి. అంటే "అదేమిటి?" అంటారు. సి.ఇ.సి. అంటే "మార్కులు సరిగ్గా రాలేదా పాపం" అని గొంతు తగ్గిస్తారు. ఇక హెచ్.ఇ.సి. అంటే, "అది ఇంకా ఉందా?" అని ఆశ్చర్యపోతారు. ఉందండీ. నేను చదివింది అదే. హిస్టరీ, ఎకనామిక్సు, సివిక్సు. ఆ తర్వాత బి.ఏ. ఇవాళ మీరు నా నవలలు చదువుతున్నారంటే ఆ "ఇంకా ఉందా" గ్రూపు చలవే.

ఇది చాలదని ఎం.పి.సి.లో మళ్ళీ అంతస్తులు. మామూలు బ్యాచ్, ఎంసెట్ బ్యాచ్, దాని పైన ఐ.ఐ.టి. బ్యాచ్, ఆ పైన స్టార్ బ్యాచ్. ఒకే కాలేజీ, ఒకే భోజనాల హాలు. పిల్లలకు మాత్రం తాము ఏ అంతస్తులో ఉన్నారో నిద్రలో లేపి అడిగినా తెలుసు. వారం వారం పరీక్ష పెట్టి పైకీ కిందికీ మారుస్తుంటే తెలియక చస్తుందా?

మా ఇంటికి వచ్చిన పి.ఆర్.ఓ. గారు ఈ అంతస్తుల బొమ్మ వేసిన రంగురంగుల కాగితం బల్లమీద పరిచాడు. అవును, ఇప్పుడు కాలేజీవాళ్ళే ఇంటికి వస్తున్నారు. వెనకటికి పెళ్ళిళ్ళ పేరయ్యలు వచ్చేవాళ్ళు చూడండి, అచ్చం అలాగే. ఫలానా ఇంట్లో పదో తరగతి పిల్ల ఉందని వాళ్ళకెలా తెలుస్తుందో ఆ భగవంతుడికే తెలియాలి.

"మేడమ్, మీ పాపది ఐ.ఐ.టి. మెటీరియల్" అన్నాడతను, కాఫీ తాగుతూ.

మా అమ్మాయి అప్పుడు ట్యూషన్‌కు వెళ్ళింది. అతను దాన్ని కంటితో చూసిన పాపాన పోలేదు. దాని లెక్కల పుస్తకం చూడలేదు. మా ఇంటి గోడకున్న టీవీనీ, వాకిట్లో ఉన్న కారునీ మాత్రం చూశాడు. మెటీరియల్ అంటే ఏ గుడ్డని చూసి అన్నాడో నాకర్థమైంది.

అర్థమై కూడా నేను చేసిన పని వినండి.

పరీక్షలైన వారానికి మా బంధువుల పెళ్ళి. మా తోడికోడలు వాళ్ళ అమ్మాయికి గుంటూరులో స్టార్ బ్యాచ్‌లో సీటు వచ్చిందట. పెళ్ళిపందిట్లో ఆ కబురు తాంబూలంతోపాటు పంచుతోంది. ఎవరో నావైపు తిరిగి, "మరి మీ అమ్మాయికి ఏ గ్రూపు ఇప్పిస్తున్నారు వదినా?" అన్నారు. నేను ఠక్కున, "మాదీ ఐ.ఐ.టి. బ్యాచేనండీ" అనేశాను.

ఎందుకన్నానో నాకు తెలీదు. తెలీదనటం అబద్ధం, బాగా తెలుసు. ముప్ఫై ఏళ్ళనాటి సంగతి ఒకటి నా గొంతులో కూర్చుని ఆ మాట అనిపించింది.

మా అన్నయ్య పదో తరగతి ప్యాసయినప్పుడు మా ఇంట్లో నెల రోజులు సభలు జరిగాయి. మా నాన్న పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తా. అప్పు చేసి అన్నయ్యని గుంటూరు హాస్టల్లో ఎం.పి.సి.లో వేశారు. రెండేళ్ళ తర్వాత నేను ప్యాసయ్యాను. సభ లేదు. "ఆడపిల్ల, ఊళ్ళో కాలేజీలో ఏదో ఒకటి చదువుతుందిలే" అన్నారు. ఏ గ్రూపులో ఖాళీ ఉందో అందులో పడ్డాను. నా అదృష్టం బాగుండి హిస్టరీ దొరికింది. మొదటి నెలలోనే నాకా పుస్తకాల మీద ప్రాణం పోయింది. అన్నయ్యకి బొమ్మలు వేయటం మీద ప్రాణం. అతను ఇంజనీరయ్యాడు, బాగానే ఉన్నాడు. ఇప్పటికీ ఫోనులో మాట్లాడుతూ కాగితం మీద బొమ్మలు గీస్తుంటాడని మా వదిన నవ్వుతూ చెప్తుంది.

చూశారా చిత్రం! అన్నయ్యని పట్టించుకున్నారు గనక అడగలేదు. నన్ను పట్టించుకోలేదు గనక అడగలేదు. ఇద్దరిలో నాకు ఇష్టమైన చదువు దొరికిందంటే అది అశ్రద్ధ చేసిన మేలు. ఇవాళ ఆడపిల్లల్ని కూడా మగపిల్లలతో సమానంగా చదివిస్తున్నామని మనం గర్వపడుతున్నాం. పడదాం, తప్పులేదు. కాని సమానంగా చదివించటమంటే సమానంగా అడగకపోవటం కాదు గదా!

ఇంత తెలిసినదాన్ని, పెళ్ళిలో ఆడిన అబద్ధాన్ని నిజం చెయ్యటానికి మర్నాడే వెళ్ళి పదివేలు అడ్వాన్సు కట్టి వచ్చాను. మావారు గణపవరం మిల్లులో లెక్కలు రాస్తారు. "ఆ పిల్లని ఒకమాట అడిగావా?" అన్నారు. "పదిహేనేళ్ళ పిల్లకేం తెలుసండీ" అన్నాను. అచ్చం మా నాన్న గొంతుతో అన్నాను.

రసీదు చూసి మా అమ్మాయి ఏడవలేదు, అరవలేదు. నెమ్మదిగా, "అమ్మా, నువ్వు హిస్టరీ చదివినందుకు సిగ్గుపడుతున్నావా?" అంది.

పాఠకురాళ్ళారా, నా ఇరవై ఏళ్ళ రచనలో ఏ విమర్శకుడూ నన్ను అంత సూటిగా కొట్టలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక, అసలీ పిచ్చి ఎక్కడ మొదలైందా అని ఆలోచించాను. 1969-70లో పి.యు.సి. పోయి రెండేళ్ళ ఇంటర్మీడియట్ వచ్చింది. 1986లో ఎంసెట్ మొదలైంది. అక్కణ్ణుంచి ఇంటరు ఒక చదువుగా మిగల్లేదు, ఎంసెట్‌కు మెట్టయి కూర్చుంది. తర్వాత ఎంసెట్ చిన్నదై, ఐ.ఐ.టి. పెద్దదైంది. ఇంటరులో మొదలుపెడితే ఆలస్యమన్నారు, ఎనిమిదో క్లాసుకు దించారు. అదీ ఆలస్యమని ఆరో క్లాసులో "ఫౌండేషన్" పోస్తున్నారు. పునాది ముందు పోసేసి, ఏ ఇల్లు కట్టాలో ఆ పిల్లని ఎప్పుడడుగుతాం? ఎప్పుడూ అడగం. పునాదిని బట్టి ఇల్లు.

పదహారేళ్ళ లోపు పిల్లల్ని కోచింగు సెంటర్లలో చేర్చుకోవద్దని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. మంచిదే. కాని బడి బోర్డు తగిలించుకుని లోపల అదే పని చేస్తుంటే ఎవరేం చేస్తారు? సర్కారు మాటకు సందు దొరుకుతుంది. తల్లి మాటకు సందు ఉండకూడదు.

ఇక ఆ స్టార్ల లెక్క చూద్దాం. 2024లో జె.ఇ.ఇ. మెయిన్ రాసినవాళ్ళు దాదాపు 14 లక్షల మంది. వాళ్ళలో అడ్వాన్స్‌డ్ పరీక్ష రాయటానికి అర్హత ఇచ్చేది మొదటి రెండున్నర లక్షల మందికి. దేశం మొత్తంమీద ఉన్న 23 ఐ.ఐ.టి.లలో ఆ ఏడు సీట్లు 18 వేల లోపు. అంటే దాదాపు ఎనభై మందిలో ఒకరికి. ఆ ఒక్కరి ఫోటో పేపరు మొదటి పేజీలో వేస్తారు. ఆ ఫోటో చూసి మనం ఫీజు కడతాం. మిగిలిన డెబ్భైతొమ్మిది మందీ కట్టిన ఫీజుతోనే ఆ ప్రకటన అచ్చయిందని మనకు తట్టదు. పోనీ అంటారా, నీట్ వైపు చూడండి. అదే 2024లో రాసినవాళ్ళు 23 లక్షల పైచిలుకు. ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్ష పైన, అంతే.

నేను ఎం.పి.సి.కి శత్రువుని కాను. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది. మా ఊళ్ళోనే మిల్లుకూలీల పిల్లలు, మిరపచేలల్లో కాయలు కోసిన తల్లుల పిల్లలు, ఫీజు రీయింబర్సుమెంటుతో ఇంజనీరింగు చదివి ఇల్లు నిలబెట్టుకున్నారు. ఆ తల్లుల దగ్గరకెళ్ళి "చరిత్ర చదివించవమ్మా, మనసు వికసిస్తుంది" అని చెప్పేటంత పొగరు నాకు లేదు. అన్నం పెట్టే చదువు కావాలనుకోవటం తప్పెలా అవుతుంది? నా పోట్లాట గ్రూపుతో కాదు. పిల్ల నోరు నొక్కి గ్రూపు ఇప్పించటంతో.

"ఎం.పి.సి. తీసుకుంటే తర్వాత ఎటైనా పోవచ్చు గదా" అని మీలో చాలామంది అంటారు. మావారూ అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఎం.పి.సి. చదివి బి.కాం.కు పోవచ్చు, బి.ఏ.కు పోవచ్చు. హెచ్.ఇ.సి. చదివి ఇంజనీరింగుకు పోలేం. ఆ లెక్క పిల్లకు చెప్పాలి, దాచకూడదు. కాని మరో లెక్క కూడా చెప్పాలి. చార్టర్డు అకౌంటెంటు కావటానికి ఎం.పి.సి. అక్కర్లేదు. ఐదేళ్ళ లా కోర్సుకు ఏ గ్రూపయినా పనికొస్తుంది. కలెక్టరు పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలు. నరసరావుపేట పోవలసిన పిల్లని, "ఒంగోలు బస్సెక్కు, అక్కణ్ణుంచి ఎటైనా బస్సులున్నాయి" అని ఎక్కిస్తామా? బస్సులుంటాయి నిజమే. టిక్కెట్టు డబ్బులు, పోయిన పొద్దు, ప్రయాణం బడలిక ఎవరి ఖాతాలో రాస్తారు?

ఆ బడలిక ఎంతవరకు పోతుందో కూడా మనం చూశాం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటరు ఫలితాలు తప్పుల తడకగా వచ్చినప్పుడు, తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. దిద్దిన వాళ్ళది, కూడిన వాళ్ళది తప్పయితే కావచ్చు. కాని ఒక మార్కుల కాగితం ప్రాణమంత బరువని ఆ పిల్లలకు నేర్పింది ఎవరు? ఇంటికొచ్చిన ప్రతి చుట్టం ముందూ "మావాడు ఫలానా బ్యాచ్" అని చెప్పుకున్న మనం కాదూ?

మర్నాడు పొద్దున మా అమ్మాయిని కూర్చోబెట్టి అడిగాను. "నీకేం చదవాలనుందే?"

"తెలీదమ్మా" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఇంత రాద్ధాంతం చేసి తెలీదంటుందా! కాని కాసేపాగి ఆలోచిస్తే, అంతకంటే నిజాయితీ అయిన జవాబు ఏముంది? పదిహేనేళ్ళకి తెలియకపోవటమే సహజం. ఎకనామిక్సు ఎలా ఉంటుందో చూడకుండా వద్దని ఎలా చెప్తుంది? పెళ్ళిచూపులకైనా పిల్లా పిల్లాడూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు ఈ రోజుల్లో. రెండేళ్ళు కాపురం చెయ్యవలసిన పుస్తకాన్ని చూడకుండానే తాళి కట్టించేస్తున్నాం.

అప్పుడు నాకు రాధాకృష్ణన్‌గారి సంగతి గుర్తొచ్చింది. మన రాష్ట్రపతిగా చేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారే. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఆయన తత్త్వశాస్త్రం తీసుకోవటానికి పెద్ద కారణమేమీ లేదట. ఇంట్లో డబ్బుకి ఇబ్బంది. బంధువుల కుర్రాడొకడు తను చదివేసిన తత్త్వశాస్త్రం పుస్తకాలు ఇచ్చాడు. కొనే ఖర్చు తప్పిందని అదే చదివారు. ప్రపంచానికి ఒక తత్త్వవేత్త దొరికాడు. అదృష్టమని మీరనవచ్చు. నేనొకటి గమనించాను. ఆయనకు ముందు పుస్తకం చేతికి వచ్చింది, తర్వాత గ్రూపు. మన పిల్లలకు ముందు బ్యాచ్, తర్వాత యూనిఫారం, ఆ తర్వాత హాస్టలు ట్రంకుపెట్టె, అన్నిటికన్నా చివర పుస్తకం.

అందుకని నేను చేసింది చాలా చిన్న పని. మా వీధిలో ఇంటరు చదివేసిన పిల్లల ఇళ్ళకు వెళ్ళి, తెలుగు అకాడమీవాళ్ళ పాత పుస్తకాలు అడిగి తెచ్చాను. ఫిజిక్సు, బోటనీ, ఎకనామిక్సు, కామర్సు, హిస్టరీ. ఖర్చు అణా పైసా లేదు. అటకమీదకు పోవలసిన పుస్తకాలు మా డాబా మీదకు వచ్చాయి. "ఈ ఎండాకాలం ఇవి తిరగెయ్యి. ఏది చదువుతుంటే అన్నానికి పిలిచినా వినపడలేదో, ఆ పేరు నాకు చెప్పు" అన్నాను. నాలుగు రోజులు బోటనీ పట్టుకుని వదిలేసింది. కామర్సు పుస్తకం మూడు పేజీలకే నిద్రపుచ్చింది. హిస్టరీ కథలా చదివి, "బాగుందమ్మా, కాని నీ అంత బాగా లేదు నాకు" అంది. నాకు కొంచెం కష్టం తోచిన మాట నిజం.

చుట్టాలు నవ్వారు. "ఏమిటి, పిల్లకి పుస్తకాలతో స్వయంవరం పెట్టారట!" అని. నవ్వనివ్వండి. ఆ స్వయంవరంలో పిల్ల దండ పట్టుకుంది గదా, అది చాలు నాకు.

ఇప్పుడు తల్లులతో ఒక మాట. గ్రూపు విషయంలో తండ్రులు ఫీజు కడతారు, కాలేజీవాళ్ళు సీటు ఇస్తారు, కాని పరువు లెక్క రాసేది మనం. పేరంటంలో, పెళ్ళిలో, ఫోన్లలో ఆ లెక్క నడిపేది ఆడవాళ్ళమే. మనం మానేస్తే సగం బజారు మూతపడుతుంది. ఇంకొకరి పిల్ల కనపడ్డప్పుడు తల్లిని అడక్కండి, పిల్లని అడగండి. "తెలీదు" అంటే ఎగతాళి చెయ్యకండి. సి.ఇ.సి. అన్న పిల్ల ముందు గొంతు తగ్గించకండి. ఐ.ఐ.టి. కావాలని ఆ పిల్లే పట్టుపడితే సంతోషంగా పంపండి, కాని హాస్టలు గది చూసి, అక్కడ చదివే పిల్లల్ని నలుగురిని పక్కకి పిలిచి, రాత్రి ఎన్నింటికి పడుకుంటారో అడిగి పంపండి. వద్దని తిరిగొస్తానంటే తలుపు తెరిచి ఉంటుందని ఆ ట్రంకుపెట్టెలో బట్టలు సర్దేటప్పుడే చెప్పండి.

కాలం కూడా కాస్త మనవైపే తిరుగుతోంది. సైన్సుకూ ఆర్ట్సుకూ మధ్య గోడలు ఉండకూడదని 2020 నాటి జాతీయ విద్యావిధానం చెప్పింది. మన ఇంటరు బోర్డు 2025-26 నుంచి లెక్కలూ బయాలజీ రెండూ కలిపి చదువుకునే వీలు కల్పించింది. గోడలు కట్టినవాళ్ళే ఇటుకలు తీస్తున్నారు. మన బుర్రల్లోని గోడ మాత్రం మనమే తియ్యాలి.

ఇంతకీ మా అమ్మాయి ఏం తీసుకుందో చెప్పలేదు గదూ? జూన్ మొదటివారంలో ఫిజిక్సు పుస్తకం పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. ఎం.పి.సి. అంది. ఐ.ఐ.టి. బ్యాచ్ వద్దంది, హాస్టలు వద్దంది. ఊళ్ళోనే కాలేజీ, సాయంత్రానికి ఇల్లు. నా పదివేలు తిరిగి రాలేదు. ఆ కాలేజీ పేరు చెప్పను, ఎన్నిసార్లు తిరిగానో కూడా చెప్పను. అబద్ధానికి పన్ను కట్టాననుకున్నాను.

"ఇంత చేసి చివరికి ఎం.పి.సి.యేనా! మొదటే ఇప్పించి ఉంటే పోయేదిగా!" అని మా తోడికోడలు పకపకా నవ్వింది.

అదే గ్రూపు, నిజమే. కాని మొన్న బజారులో ఆ పిన్నిగారే మళ్ళీ కనపడి, "ఏ గ్రూపు ఇప్పించారమ్మా?" అంటే నేను నోరు విప్పలేదు. సంచీ పట్టుకున్న మా అమ్మాయి ఒక అడుగు ముందుకొచ్చి, "ఎం.పి.సి. తీసుకున్నానండీ" అంది.